వడ్ల వెలుతురు

ముందు గదిలో గోడకు ఆనించి ఉన్న ఆ బొమ్మ ఎందుకంత పసుపుపచ్చగా ఉందని ఇంటికి వచ్చినవాళ్ళందరూ అడుగుతారు. నువ్వూ అడిగావు. ఇన్నాళ్ళూ ఒక్కొక్కరికి ఒక్కో జవాబు చెప్పి తప్పించుకున్నాను. ఇవాళ లాప్‌టాప్ తెరిచి నా ఎదురుగా కూర్చున్నావు కాబట్టి అసలు సంగతి చెప్తాను, రాసుకో. నీ కాలేజీలో బొమ్మలు నేర్చుకునే పిల్లలకు చదివి వినిపిస్తానన్నావు. వినిపించు. కానీ ఒక షరతు. నేను సూర్యాపేట మాటలో చెప్తుంటే నువ్వు దాన్ని పుస్తకం భాషలోకి దిద్దుతున్నావని నాకు తెలుసు. నా మాట దిద్దుకో, నాకేం పట్టింపు లేదు. వేరేవాళ్ళు అన్న మాటలు మాత్రం అన్నవి అన్నట్టే ఉంచు. పేర్లు వద్దు. మా స్టాఫ్ రూంలో ఎట్లాగూ ఎవరికీ పేర్లు ఉండేవి కావు. లెక్కల మేడం, బయాలజీ సారు, తెలుగు సారు, అంతే. నేను డ్రాయింగ్ మేడంని.

ఆ బొమ్మలో ఉన్నది లెక్కల మేడం.

నా ఉద్యోగం మిర్యాలగూడలో, ఆడపిల్లల హైస్కూల్లో. పొద్దున్నే సూర్యాపేటలో బస్సెక్కి పోయి, మళ్ళీ బస్సులోనే ఇల్లు చేరేదాన్ని. ఆమెది కోదాడ. వారమంతా స్కూలు దగ్గర ఒక గది కిరాయికి తీసుకుని ఉండేది. శనివారం సాయంత్రం ఇంటికి పోయి, ఆదివారం చర్చి చూసుకుని, సోమవారం పొద్దున్నే దిగేది. నాకంటే పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. వాళ్ళమ్మ మునగాల పక్క పల్లెలో ఊళ్ళోవాళ్ళ పొలాల్లో నాట్లు వేసి, కోతలు కోసి ఆమెను చదివించింది. ఆ వంశంలో చాక్‌పీసు పట్టుకున్న మొదటి మనిషి ఈమే.

మా స్నేహం కొట్లాటతో మొదలైంది. స్కూల్లో డ్రాయింగ్ పీరియడంటే ఎవరిదీ కాని పీరియడు. ఎవరికి సిలబస్ మిగిలితే వాళ్ళు వచ్చి తీసుకోవచ్చు. అందరికంటే ఎక్కువ తీసుకున్నది ఆమే.

"డ్రాయింగమ్మా, ఇవాళ నీ పీరియడ్ నాకియ్యి. త్రికోణమితి మిగిలిపోయింది."

"ఇయ్య. మొన్ననే ఇచ్చిన గదా అక్కా."

"బొమ్మ రాకపోతే ఎవరూ ఫెయిల్ కారు. లెక్క రాకపోతే ఫెయిలవుద్ది, ఫెయిలైతే ఆ పిల్లకు పెళ్ళి చేసేస్తారు. నీ ఇష్టం మరి."

ఆ మాట అన్నాక ఎట్లా ఇవ్వకుండా ఉంటావు చెప్పు? ఇచ్చేదాన్ని. ఇచ్చి, తరగతి గది వెనక బల్ల మీద కూర్చుని ఆమె పాఠం చెప్తుంటే ఆమె ముఖం గీసుకునేదాన్ని. మంచి ముఖం బిడ్డా. నలుపు. దవడ ఎముక గట్టిగా కనిపించేది. వెలుతురు పడితే నిలబడే ముఖం.

వెలుతురు సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. ఉద్యోగానికి ముందు హైదరాబాదులో డ్రాయింగ్ శిక్షణకు పోయినప్పుడు మా సారొకాయన రంగు వెలిసిన పాత పుస్తకాల్లో ఆధునిక చిత్రకారులు వేసిన ముఖాలు చూపించేవాడు. ఒక ముఖం సగం ఆకుపచ్చ, సగం నారింజ. ఇంకో ఆమె చెంప మీద నీలం. మేం నవ్వితే ఆయన అనేవాడు, ముఖానికి సొంత రంగంటూ ఏదీ లేదు, దాని మీద పడ్డ వెలుతురే దాని రంగు అని. ఎర్ర చీర కట్టుకున్న మనిషి గడ్డం కింద చూడు, ఎరుపు తగులుతుంది. వేపచెట్టు కింద నిలబడ్డ మనిషి నుదురు చూడు. నీడ ఎప్పుడూ నల్లగా ఉండదు, పసుపు వెలుతురులో నీడ ఊదా వైపు తిరుగుతుంది. ఆ మాటలు నాకు ఎంత నచ్చాయంటే, ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే ఆరో తరగతి పిల్లలకు అవే చెప్పాను. ఒక పిల్ల ఇంటికి పోయి వాళ్ళ నాయనమ్మను ఆకుపచ్చగా వేసింది. మర్నాడు వాళ్ళ నాయన బడికి వచ్చాడు. గొర్లు కాసుకునే మనిషి, భుజాన గొంగడి.

"మేడం, మా అమ్మ ఇంక బతికే ఉన్నది. గిట్ల పసరు దాగిన గొర్రె లెక్క ఎందుకు ఏపిచ్చిన్రు?"

ఆ రోజు నుంచి లెక్కల మేడం నన్ను ఆటపట్టించడం మొదలుపెట్టింది. "మీ డ్రాయింగమ్మ చెప్తే పిల్లలు నన్నూ తోటకూర చేసేస్తారు" అనేది. కానీ వినేది. నేను బస్సు ఆలస్యమై వచ్చి, దారిలో కాలువ నీళ్ళ వెలుతురు కండక్టర్ ముఖం మీద ఎట్లా ఆడిందో చెప్తుంటే, పేపర్లు దిద్దుతూనే వినేది. ఎంత బాగా వినేదో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆమె రిటైర్మెంటు ఏప్రిల్‌లో వచ్చింది. మా దగ్గర పద్ధతి నీకు తెలుసు కదా, ఒక శాలువా, ఒక దండ, ఫొటో ఒకటి పెద్దది చేయించి ఫ్రేము కట్టించి చేతిలో పెడతారు. హెడ్మాస్టరు ఫ్లెక్సీ కొట్టిద్దామన్నారు. నేను రంగుల్లో బొమ్మ వేసిస్తానన్నాను. నా చేతిలో ఉన్నది అదొక్కటే కదా. స్టాఫంతా సరేనన్నారు. ఆమె మాత్రం కాసేపు ఆలోచించి చెప్పింది.

"వేస్తే వెయ్యి. కానీ నేను చెప్పిన చోటే కూర్చుంటా. కళ్ళద్దాలు తియ్యను."

వేసవి మొదట్లోనే ఆమె రంగు కళ్ళద్దాలు పెట్టుకోవడం మొదలుపెట్టింది. కంట్లో శుక్లాలు వచ్చాయి, వెలుతురు పడట్లేదు అంది. మా వయసువాళ్ళలో అదొక వార్తే కాదు.

ఆమె చెప్పిన చోటు ఏడో తరగతి గదిలో పడమటి కిటికీ. ప్రహరీ గోడ అవతల ఒక మిల్లువాళ్ళ కల్లం ఉంది, సిమెంటు చేసిన పెద్ద నేల. యాసంగి కోతలు అప్పుడే. వడ్లు ఆ నేలంతా ఆరబోసి ఉండేవి. ఒంటిపూట బడి వదిలాక, పిల్లలు పోయాక, ఎండ నడినెత్తి నుంచి కొంచెం వాలేది. ఆ ఎండ వడ్ల మీద పడి, అక్కడి నుంచి లేచి, కిటికీలోంచి లోపలికి వచ్చేది. పైనుంచి కాదు, కింది నుంచి. ఆమె గడ్డం, ముక్కు కింద, కళ్ళద్దాల అడుగు, అంతా బంగారం పూసినట్టు. నా ఉద్యోగం మొత్తంలో అట్లాంటి వెలుతురులో ఒక మనిషి నా ఎదురుగా కదలకుండా కూర్చోలేదు బిడ్డా.

వేస్తూ మాట్లాడుకునేవాళ్ళం. ఆమె మధ్య మధ్య మోచేతులు గీక్కునేది.

"ఏందక్కా, దురదా?"

"వడ్ల నుసి. మీ మిర్యాలగూడ ఇచ్చే బహుమతి."

ఆ నెలలో ఆ ఊళ్ళో గీక్కోని మనిషి ఉండడు. నేనూ గీక్కుంటూనే బొమ్మ వేస్తున్నాను. చిక్కిపోయినవేంది అంటే, షుగరుందిగా, రాత్రిపూట అన్నం మానేశా అంది. అన్నిటికీ జవాబు ఉండేది. అన్నీ నిజం లాంటివే.

ఎక్కువగా మాట్లాడింది వాళ్ళమ్మ గురించి. ముసలమ్మకు ఎనభై దాటాయి, కంటి చూపు సరిగా ఆనదు. ఫంక్షన్ రోజు ఆమెను తీసుకొస్తానంది.

"చిన్నప్పుడు ఒకసారి నాకు అన్నం గిన్నె తెచ్చింది బడికి. పొలంలోంచి అట్లాగే వచ్చింది, కాళ్ళకు బురద. పెద్దసారు గేటు బయటే నిలబెట్టాడు. గిన్నె చప్రాసీతో పంపింది. అంతే, మళ్ళీ ఏ బడి గేటు దగ్గరికీ రాలేదు. నాకు ఉద్యోగం వచ్చాక పిలిస్తే కూడా రాలేదు. ఇప్పుడు వస్తానంది."

"తీస్కరా అక్కా. ముందు వరుసల కూసోబెడ్తం."

"ముందు వరుస కాదు. స్టేజి మీద. నా పక్క కుర్చీలో. శాలువా కూడా నాకొద్దు, ఆమెకే కప్పండి. ఆ ఒక్క రోజు నాకు చాలు."

అది చెప్పేటప్పుడు గొంతు మామూలుగానే ఉంది. కిటికీ బయటికి చూస్తూ చెప్పింది.

ఇక బొమ్మలో ఒక ఇబ్బంది వచ్చింది. వెలుతురు పడే చెంప పసుపు, సరే. రెండో చెంప నీడలో ఉంది, అది ఊదాకు తిరగాలి. నేను చదువుకున్నది అదే. ఊదా పెట్టాను. దూరం నుంచి చూస్తే ఆ చెంప ఆమెది కాదు, ఎవరిదో అతికించినట్టుంది. ఎదురుగా చూస్తే నీడలో కూడా పసుపే కనిపిస్తోంది. తుడిచి మళ్ళీ ఊదా పెట్టాను. మళ్ళీ అంతే. చివరికి కళ్ళకు కనిపించినట్టే వేద్దామని అటు చెంప కూడా పచ్చగా వేసేశాను. గోడకు కొట్టి తిరిగి వచ్చిన వెలుతురు అయ్యుంటుందని సర్దిచెప్పుకున్నాను. అది తెల్ల గోడ కూడా కాదు, పెచ్చులూడిన సిమెంటు గోడ. దాని నుంచి పసుపు ఎట్లా వస్తుంది? ఆ ప్రశ్న నాకు రాలేదు.

బొమ్మను స్టాఫ్ రూంలో బీరువాకు ఆనించి చూపించాను. అందరూ చుట్టూ చేరారు. హెడ్మాస్టరు మంచి మనిషే, నోరు కొంచెం తొందర.

"పోలిక మంచిగ వచ్చింది మేడం. గని గిదేంది, కామెర్లైనోళ్ళ లెక్క?"

అందరూ నవ్వారు.

"ఆ రోజు పసుపు ఎక్కువ రాసుకొచ్చిన్రేమో" అన్నాడు బయాలజీ సారు.

"మేడం చర్చికి పోతరు సారూ, పసుపెక్కడిది?" అన్నాడు తెలుగు సారు. మళ్ళీ నవ్వులు.

నేను నవ్వలేదు. నాకు కోపం వచ్చింది. వాళ్ళందరినీ కిటికీ దగ్గరికి తీసుకుపోయి అవతల వడ్లు చూపించి, ముఖానికి సొంత రంగు ఉండదని, వెలుతురే రంగని, క్లాసులో పిల్లలకు చెప్పినట్టు చెప్పాను. బయాలజీ సారు చేతులెత్తాడు. "ఒప్పుకున్న మేడం. అయినా జర గులాబీ కలపున్రి. పెద్ద మనిషి, స్టేజి మీద పెడ్తం, గిట్లుంటే బాగుండదు."

లెక్కల మేడం బీరువా పక్కన నిలబడి పేపర్ల కట్ట కడుతోంది. తాడు ముడి వేసి, తలెత్తకుండానే అంది.

"అందరూ అంటున్నారుగా. మార్చెయ్యి."

నాకు అదే ఎక్కువ గుచ్చుకుంది. పీరియడ్లు ఎన్ని గుంజుకున్నా, నా బొమ్మను మార్చమని ఆమె ఎప్పుడూ అనలేదు. మారుస్తాను సరే, దేనికి మార్చాలి? ఆ కిటికీ దగ్గర తప్ప ఆమెను కదలకుండా నేను చూసింది లేదు. వేరే వెలుతురులో ఒకసారి చూసి, దాన్ని బట్టి రంగు సరిచేద్దామనుకున్నాను. ఆదివారం మీ ఇంటికి వస్తానంటే, వద్దు, చుట్టాలొస్తారు, ఇరుకు అంది. చెప్తే వద్దంటుందని ఆ ఆదివారం చెప్పకుండా బయల్దేరాను.

కోదాడ బస్సులో బొమ్మను గుడ్డలో చుట్టి నా పక్క సీట్లో నిలబెట్టాను. కండక్టరు వచ్చాడు. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు బస్సు ఉచితం కదా ఇప్పుడు.

"అమ్మా, నీకు జీరో టికెట్టు. దీనికి సీటెందుకు?"

"అది కూడా ఆడమనిషే నాయినా."

గుడ్డ కొంచెం జరిపి చూశాడు. "ఆధార్ కార్డు సూపియ్యమను మరి" అని నవ్వుకుంటూ ముందుకు పోయాడు. మునగాల దాకా నేనూ నవ్వుకుంటూనే ఉన్నాను. నేను ఆ బొమ్మను చూసి నవ్వింది అదే చివరిసారి.

వాళ్ళ ఇల్లు చిన్నది. చుట్టాలెవరూ లేరు. అరుగు మీద వాళ్ళమ్మ కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది, చూపు లేకపోయినా వేళ్ళతో తెలుసుకుని ఏరుతోంది. తీగ మీద కొత్త తెల్ల చీర ఆరేసి ఉంది. ఫంక్షన్ కోసమని ముసలమ్మకు కూతురు కొన్నదట, ఒకసారి తడిపి గంజి పెట్టింది. నేను లోపలికి అడుగు పెట్టాను. ఉత్తరం కిటికీ. గోడలకు కొత్తగా తెల్ల సున్నం. ఎండ నేరుగా రాని గది. మా సారు ఉంటే మెచ్చుకునే వెలుతురు, ఏ రంగూ లేని వెలుతురు.

ఆమె వంటగదిలోంచి వచ్చింది. కళ్ళద్దాలు లేవు. నన్ను చూడగానే చెయ్యి కిటికీ గూట్లో ఉన్న అద్దాల వైపు పోయింది. సగంలో ఆగింది.

నేను ముందు నీడ ఉన్న చెంప చూశాను. అలవాటు. పచ్చగా ఉంది. వెలుతురు ఉన్న చెంప చూశాను. అదీ అంతే. తర్వాత కళ్ళు. తెల్లగా ఉండాల్సినదంతా పండు నిమ్మకాయ రంగు. వడ్లు లేవు, ఎండ లేదు. వెలుతురు మారింది కానీ రంగు మారలేదు.

నా చేతిలో బొమ్మ చుట్టిన గుడ్డ అట్లాగే ఉంది.

"ఎప్పటి సంది అక్కా?"

"మెల్లగా. అమ్మ వింటది."

"ఎప్పటి సంది?"

"టెన్త్ పరీక్షలప్పుడు. ముందు కళ్ళే. తర్వాత ఒళ్ళంతా."

"దవాఖానకు పోయినవా?"

"తుంగతుర్తి అవతల ఒకాయన పసరు పోస్తాడు. పోయి తాగొచ్చా. తగ్గుద్దన్నాడు."

"లెక్కల మేడంవు. పసరు తాగొచ్చినవా?"

"డాక్టరు దగ్గరికి పోతే పడుకోబెట్టేస్తాడు. నాకు తెలీదా? ఇంక ఎన్ని రోజులుంది చెప్పు. అమ్మ స్టేజి ఎక్కి దిగనీ. మర్నాడు నువ్వే తీసుకెళ్ళు, ఎక్కడికంటే అక్కడికి."

"గందుకేనా ఆ కిటికీ కాడ కూసున్నది?"

ఆమె కొంచెం సిగ్గుపడ్డట్టు నవ్వింది. పిల్లలు చిట్టీ పెట్టి దొరికితే నవ్వుతారు చూడు, అట్లా.

"ముఖానికి సొంత రంగు ఉండదని నువ్వే కదా చెప్పింది. ఎవరైనా అడిగితే నా బదులు నువ్వే జవాబు చెప్తావనుకున్నా. చెప్పావు కూడా."

బయటి నుంచి ముసలమ్మ పిలిచింది. "ఎవరే బిడ్డా వచ్చింది?"

"మా బడి మేడం, అమ్మా."

"ఓ మేడమమ్మా, నన్ను పైన కుర్చీల కూసోబెడ్తరంట, నిజమేనా? నాకెందుకమ్మా, కింద చాప ఏస్తే కూసుంట."

"కుర్చే ఏస్తం అమ్మా" అన్నాను.

లెక్కల మేడం నా చెయ్యి పట్టుకుంది. ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యమంది. నేను వెయ్యలేదు. తల ఊపానో లేదో కూడా గుర్తు లేదు. టీ ఇచ్చింది, తాగాను. బొమ్మ గుడ్డ విప్పలేదు.

అప్పుడే ఇంటికి వచ్చిన వాళ్ళాయన స్కూటర్ మీద నన్ను బస్టాండులో దింపాడు. ఒకప్పుడు మిల్లుల లారీ నడిపిన మనిషి, మాట తక్కువ. బస్సు రావడానికి ఇంకా టైం ఉంది. ఆయన వెళ్ళడానికి స్కూటర్ తిప్పాడు. ఆ క్షణం నేను నోరు మూసుకుని ఉండొచ్చు. ఆమె అడిగింది ఎన్నో రోజులు కాదు. ఇంటిదాకా వచ్చి తెలుసుకున్నదాన్ని, తెలియనట్టు ఇంకొన్నాళ్ళు ఉండటం పెద్ద పనా? కానీ ఆ కళ్ళు చూశాక నాకు భయమేసింది బిడ్డా. ఆ భయం ఆమె కోసమో, రేపు ఏమన్నా అయితే నేను మోయాల్సిన బరువు కోసమో, ఇప్పటికీ విడదీయలేను.

"బావా, అక్క కండ్లు సూసినవా?"

"శుక్లాలంట గదమ్మా."

"అద్దాలు తీపిచ్చి, వెలుతుర్ల నిలబెట్టి సూడు."

ఆయన స్కూటర్ ఆపేశాడు.

"వారంల ఒక్కరోజే ఉంటది ఇంటికాడ. పొద్దుగూకినాక లైటు ఏస్తే కండ్లు గుంజుతున్నయంటది, ఏయనియ్యదు. నాకు ముఖమే కనపళ్ళేదమ్మా" అన్నాడు.

మర్నాడు సూర్యాపేటలో డాక్టరుకు చూపించారు. ఆయన పరీక్షలు చూసి అదే రోజు హైదరాబాదు పంపించాడు. కాలేయం నుంచి వచ్చే నాళం మూసుకుపోయిందన్నారు. మూసింది ఒక గడ్డ. అది అక్కడే ఆగలేదు, పక్కలకు పాకింది. నాళంలో ఒక గొట్టం వేశారు, పసుపు తగ్గడానికి. గడ్డకు చేసేదేమీ లేదన్నారు. నెల ముందు వస్తే ఏమయ్యేదని వాళ్ళాయన అడిగాడట. పెద్ద తేడా ఉండకపోవచ్చు అన్నాడట డాక్టరు. ఫంక్షన్ అయ్యాక వచ్చి ఉంటే అని ఆయన అడగలేదు. నేనే మనసులో అడుగుతూ ఉంటాను.

నేను ఫోన్ చేస్తే ఆమె తియ్యలేదు. హెడ్మాస్టరు ఫంక్షన్ వాయిదా వేస్తానంటే, వద్దు, అమ్మను తీసుకెళ్ళండి అని భర్తతో చెప్పించింది. కూతురికి కంటి ఆపరేషనని ముసలమ్మకు చెప్పి ఉంచారు. నేనే కోదాడ వెళ్ళి తీసుకొచ్చాను. దారిలో ఆమె ఒక్కటే అడిగింది, గేటు కాడ ఎవరన్నా ఆపుతరా అని. ఎవరూ ఆపరమ్మా అన్నాను. ఆ రోజు గేటు దగ్గర హెడ్మాస్టరే నిలబడి ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చారు.

బొమ్మ నేను మార్చలేదు. గులాబీ రంగు ట్యూబు కొని తెచ్చాను, మూత కూడా తీశాను. తీసి మళ్ళీ పెట్టేశాను.

స్టేజి మీద రెండు కుర్చీలు వేశారు. ఒకదాంట్లో ముసలమ్మను కూర్చోబెట్టారు, కుర్చీ అంచున, జారిపోతుందేమో అన్నట్టు కూర్చుంది. రెండో కుర్చీలో బొమ్మను పెట్టారు, నిలబెట్టడానికి వేరే ఏమీ లేక. శాలువా ముసలమ్మకు కప్పారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. హెడ్మాస్టరు మాట్లాడటానికి కాగితం విప్పుతుండగా ఆమె పక్కకు తిరిగింది. ముఖం బొమ్మకు ఆనేంత దగ్గరికి పెట్టి చూసింది. మైకు వాళ్ళ మధ్యే ఉంది.

"నా బిడ్డ ఎందుకింత పచ్చగున్నది?"

ఆ మాట బడంతా వినిపించింది. హెడ్మాస్టరు కాగితంలోకి చూస్తున్నారు. బయాలజీ సారు నేల చూస్తున్నాడు. జవాబు చెప్పాల్సిన మనిషిని నేనే. ముందు వరుసలోంచి లేచి స్టేజి దగ్గరికి పోయాను.

"వడ్ల వెలుతురమ్మా. కిటికీ అవతల వడ్లు ఆరబోసిన్రు. గా వెలుతురు పడ్డది."

"వడ్లా?"

"వడ్లే."

ఆమె ముఖం తేటపడింది.

"అయితే సరే. కోతకు పోతే కల్లంలనే నొప్పులొచ్చినయి. వడ్ల మీదనే పండవెట్టిన దీన్ని."

భుజం మీది శాలువా ఒక కొస తీసి బొమ్మ మీద కూడా కప్పింది. మందంగా పూసిన తైలం రంగు బిడ్డా, పైన ఆరినట్టున్నా లోపల అంత తొందరగా ఆరదు. శాలువాకు పచ్చ మరక అంటింది.

ఆ శాలువా బిడ్డకిమ్మని ముసలమ్మ నాకే ఇచ్చి పంపింది. లెక్కల మేడం వానాకాలం నాట్లప్పుడు పోయింది. ఆ చలికాలమే ముసలమ్మా పోయింది. అప్పుడు వాళ్ళాయన ఆ బొమ్మను తెచ్చి మా ఇంట్లో పెట్టాడు, ఇంట్లో ఉంచుకోలేకపోతున్నానమ్మా అని. నేను చెప్పదలచుకున్నది మాత్రం ఆ ఫంక్షన్ అయిన రెండు రోజులకు, నేను శాలువా తీసుకుని హైదరాబాదు పోయినప్పటిది. ఇది రాసేసి ఆపేద్దాం.

దవాఖానలో ఆమె మంచం కిటికీ పక్కన ఉంది. గొట్టం వేశాక పసుపు విరిగింది. ఎప్పటి నలుపు మళ్ళీ వచ్చింది, దవడ ఎముక మీద కొంచెం నీలం మెరుపుతో. ఎంత బాగుందో ఆ ముఖం. రంగులు తీసుకుపోలేదు నేను.

ఆమె నన్ను చూసి గోడవైపు తిరిగింది. నేను శాలువా మంచం మీద పెట్టాను. కాసేపటికి చెయ్యి చాపి తీసుకుంది. మరక చూసింది.

"ఏంటిది?"

చెప్పాను. గేటు నుంచి మొదలుపెట్టి, మైకులో ముసలమ్మ అడిగింది, నేను చెప్పింది, ఆమె అన్నది, అంతా.

"కుర్చీలోనే కూర్చుందా?"

"కుర్చీలనే."

ఆమె శాలువాను మరక లోపలికి పోయేలా మడత పెట్టింది. మళ్ళీ విప్పి, మరక పైకి వచ్చేలా మడత పెట్టింది. తర్వాత నా వైపు చూసి చెప్పింది. కోపంగా కాదు. బోర్డు మీద లెక్క చివరి మెట్టు చెప్పినట్టు చెప్పింది.

"ఇన్నేళ్ళూ నీ పీరియడ్లు నేను గుంజుకున్నా, డ్రాయింగమ్మా. నాకు కావాల్సింది ఆ ఒక్క పీరియడే. అది నువ్వు గుంజుకున్నావు."

ఆ మాటను అట్లాగే ఉంచు బిడ్డా. దిద్దకు.